విమానమునకు త్రోవ చూపు రేడియో సాధనములు

మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పెక్కుమంది నేతపనివారి బిడ్డలు. హోట్గి రోడ్డు ప్రక్కల పేటలలో మగ్గముల చప్పుడు నడుమ పెరిగినవారు. ఆ చప్పుడును మించిన చప్పుడొకటి ఇటీవల వారి ఇండ్లపైన వినబడుచున్నది. షోలాపురపు విమానాశ్రయము ఈ హోట్గి రోడ్డు మీదనే యున్న సంగతి అందరకు తెలిసినదే. పునర్నిర్మాణము జరిగిన పిదప దానిని 2024 సెప్టెంబరు 29వ తేదీన ప్రధానమంత్రి దూరమునుండియే ప్రారంభించిరి. 2025 జూన్ 9వ తేదీన గోవాకును, అదే సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ముంబయికిని ప్రయాణికుల విమానములు బయలుదేరినవి.

ఒకనాటి ఉదయము పొగమంచు దట్టముగా కమ్మి యుండెను. ప్రార్థన ముగియు వేళకు పైన విమానపు మ్రోత వినబడినది కాని విమానము కనబడలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు మమ్ము సమీపించి, "అయ్యవారూ! మనకు విమానము కనబడుట లేదు గదా, విమానమునకు మాత్రము నేల కనబడునా? కనబడనిచో దిగుటెట్లు?" అని ప్రశ్నించెను. ఆ వారమే జరిగిన తల్లిదండ్రుల సమావేశములో బీడీలు చుట్టి కుటుంబమును పోషించుకొను తల్లి యొకతె లేచి, "అది మా ఇండ్ల మీద పడదు గదా, సారూ?" అని అడిగినది. కొందరు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. బాలుని ప్రశ్నయు, తల్లి ప్రశ్నయు నిజమునకు ఒక్కటే. వానికి సమాధానముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మూడు ప్రశ్నలు

ఆకాశమున పోవు విమానచోదకునకు ఎల్లప్పుడు మూడు విషయములు తెలియవలెను. నేనెక్కడ నున్నాను? నేను పోవలసిన త్రోవ యేది? నా దగ్గరలో మరెవరున్నారు? మొదటి రెండు ప్రశ్నలకు ఉత్తరమిచ్చు సాధనములు మార్గదర్శక సాధనములు. మూడవదానికి ఉత్తరమిచ్చునవి జాడ తెలుపు సాధనములు. మొదటివి విమానములోని చోదకునకు ఉపయోగించును. రెండవవి ముఖ్యముగా నేలమీద కూర్చుండి విమానములను నడిపించు నియంత్రణాధికారికి ఉపయోగించును. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో తక్కిన విషయము సులభముగా బోధపడును.

పగటివేళ, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు చోదకుడు కన్నులతోనే రన్‌వేను చూచి దిగగలడు. చిక్కంతయు రాత్రివేళను, వానలోను, మంచులోను వచ్చును. కన్ను పనిచేయని చోట రేడియో తరంగము పనిచేయును. ఈ తరంగములు సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. మేఘము వానికి అడ్డు కాదు. విమానరక్షణకై ఏర్పడిన సాధనములలో ముఖ్యమైనవన్నియు ఈ గుణముమీద ఆధారపడినవే.

దిక్కును, దూరమును తెలుపు స్తంభములు

రన్‌వేల చివరలయందు పెద్ద అంకెలు వ్రాసి యుండును. అవి ఆ రన్‌వే ఏ దిక్కునకు పోవునో తెలుపును. ఉత్తరమునుండి కుడిచేతివైపుగా లెక్కించి వచ్చిన కోణమును పదితో భాగించి ఆ సంఖ్యను వ్రాయుదురు. హైదరాబాదు వద్ద శంషాబాదు విమానాశ్రయపు రన్‌వేకు ఒక చివర 09 అనియు, రెండవ చివర 27 అనియు సంఖ్యలున్నవి. తూర్పునకు పోవునది 90 అంశలు కనుక 09. పడమటికి పోవునది 270 అంశలు కనుక 27. ఏ రన్‌వేకైనను ఈ రెండు సంఖ్యల భేదము 18 మాత్రమే యగును. ఏలయో విద్యార్థులు స్వయముగా ఆలోచింపవలెను.

దూరమునుండి వచ్చు విమానమునకు దిక్కు తెలుపుటకు వి.ఒ.ఆర్. అను రేడియో స్తంభము కలదు. అది పనిచేయు విధమును ఒక ఉపమానముచే చెప్పుదుము. ఒక ఎత్తైన గోపురము మీద దీపమొకటి నిముషమున కొకమారు గుండ్రముగా తిరుగుచున్న దనుకొనుడు. ఆ దీపము సరిగా ఉత్తరమునకు చూచిన క్షణమున మిల్లు భోంగా మ్రోగును. భోంగా అన్ని దిక్కులకును ఒకేసారి వినబడును. దీపపు వెలుగు మాత్రము అది చూచు దిక్కున ఉన్నవారికే కనబడును. భోంగా విన్న పదునైదు సెకనులకు వెలుగు మీ కంట పడినచో, దీపము పావు చుట్టు తిరిగినదని అర్థము. కావున మీరు గోపురమునకు తూర్పున ఉన్నారు. ముప్పది సెకనులైనచో దక్షిణమున ఉన్నారు. వి.ఒ.ఆర్. స్తంభము పంపు రెండు సంకేతములలో ఒకటి భోంగా వంటిది, రెండవది దీపము వంటిది. అయితే దాని తిరుగుడు నిముషమునకు ఒకటి కాదు, సెకనుకు ముప్పది. విమానములోని యంత్రము ఆ రెండింటి తేడాను కొలిచి దిక్కును చూపును.

దిక్కు తెలిసిన చాలదు, దూరమును తెలియవలెను. దానికి డి.ఎం.ఇ. అను సాధనము కలదు. విమానము ఒక రేడియో కేక వేయును. నేలమీది యంత్రము సరిగా 50 మైక్రోసెకనులు ఆగి జవాబు కేక వేయును. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షలవ వంతు. మొత్తము పట్టిన కాలమునుండి ఆ 50ని తీసివేసి, మిగిలిన దానిని సగము చేసినచో, తరంగము ఒకవైపు ప్రయాణమునకు పట్టిన కాలము వచ్చును. దానిని వేగముతో గుణించినచో దూరము తెలియును. ఏడవ తరగతి గణితము చాలును.

పడుగు వంటి గీత, పేక వంటి గీత

అన్నిటికంటె కష్టమైన ఘట్టము దిగుట. చీకటిలోగాని మంచులోగాని దిగు విమానమునకు పెద్ద విమానాశ్రయములలో ఐ.ఎల్.ఎస్. అను సాధనము త్రోవ చూపును. నేతపని తెలిసిన మన వారికి దీనిని వివరించుట సులభము. వస్త్రములో ఒక స్థానమును గుర్తించుటకు పడుగు నూలేదియో, పేక నూలేదియో చెప్పిన చాలును గదా! ఐ.ఎల్.ఎస్. కూడ రెండు గీతలను ఆకాశమున ఉంచును.

మొదటిది నిలువు గోడ వంటిది. రన్‌వే నడిమి గీతమీదుగా అది నిలిచి యుండును. దీనిని పంపు యంత్రము రన్‌వే ఆవలి చివర నుండును. దిగు విమానమునకు ఎడమవైపు ఒక విధమైన స్వరము, కుడివైపు మరొక విధమైన స్వరము బలముగా వచ్చునట్లు అది తరంగములను పంపును. రెండు స్వరములు సమముగా నున్న చోటు నడిమి గీత. రెండవది వాలుబల్ల వంటిది. ఇది నేలకు సుమారు 3 అంశల కోణముతో పైకి పోవును. ఇచ్చటను అట్లే పైన ఒక స్వరము, క్రింద ఒక స్వరము. విమానములోని పరికరమున రెండు సూచికలుండును. అవి రెండును నడుమకు వచ్చి ఒకదాని నొకటి ఖండించినచో విమానము సరియైన త్రోవలో నున్నది. పడుగు పేకలు కలియుచోటనే విమానము నడువవలెను.

మూడంశల కోణము చాల తక్కువ అని తోచవచ్చును. లెక్క వేసి చూడుడు. నేలను తాకవలసిన చోటికి ఇంకను ఒక కిలోమీటరు దూరమున ఉన్నప్పుడు విమానము సుమారు 52 మీటర్ల ఎత్తున నుండును. రెండు కిలోమీటర్ల దూరమున 105 మీటర్లు. అర కిలోమీటరు దూరమున 26 మీటర్లు మాత్రమే. ఈ అంకెలు మన పేటవారికి ఎంత ముఖ్యమో ముందు చెప్పుదుము.

బాలుని ప్రశ్నకు ఇచ్చట నేరుగా ఉత్తరమున్నది. సాధారణ శ్రేణి ఐ.ఎల్.ఎస్. తో దిగు చోదకుడు సుమారు 60 మీటర్ల ఎత్తువరకే పరికరమును నమ్మి దిగవచ్చును. ఆ ఎత్తున రన్‌వేగాని దాని దీపములుగాని కంటబడవలెను. కంటబడనిచో మారు మాట లేదు. యంత్రమును హెచ్చించి తిరిగి పైకి లేవవలెను. ఢిల్లీవంటి కొన్ని చోట్ల ఇంకను దట్టమైన మంచులో దిగుటకు తగిన ఉన్నత శ్రేణి సాధనములున్నవి. వానికి తగిన విమానము, తగిన శిక్షణ పొందిన చోదకుడు కావలెను. కావున విమానము దిగబోయి తిరిగి లేచినచో భయపడ నక్కరలేదు. అది తప్పు కాదు. నియమము పాటింపబడినదనుటకు గుర్తు.

రన్‌వే ప్రక్కన నాలుగు దీపముల వరుస యొకటి యుండును. సరియైన వాలున వచ్చు చోదకునకు అందులో రెండు తెల్లగను, రెండు ఎర్రగను కనబడును. నాలుగును తెల్లవైనచో విమానము మరీ ఎత్తున నున్నది. నాలుగును ఎర్రవైనచో ప్రమాదకరముగా క్రింద నున్నది. ఇంత సులభమైన సాధనము మరొకటి లేదు. చిన్న విమానాశ్రయములకు ఇది గొప్ప అండ.

మరొక్క మాట. త్రోవ చూపువాడే త్రోవ తప్పినచో ఏమగును? మన మరమగ్గములలో పడుగు నూలు తెగినచో దానికి వ్రేలాడు సన్నని లోహపు పలక క్రింద పడి మగ్గము తానే ఆగిపోవుట మీరెరుగుదురు. ఆగనిచో గజములకొలది గుడ్డ చెడిపోవును. ఐ.ఎల్.ఎస్. కును అట్టి కాపలా కలదు. వేరొక యంత్రము దాని సంకేతమును ఎడతెగక పరీక్షించుచుండును. గీత రవ్వంత జరిగినను రెండవ ప్రసార యంత్రమునకు మార్చును. అదియు సరిగా లేనిచో మొత్తమును ఆపివేయును. చోదకుని ఎదుట ఎర్రని హెచ్చరిక కనబడును. తప్పు త్రోవ చూపుటకంటె మౌనముగా నుండుట మేలన్నదే ఇచ్చటి సూత్రము.

మన ఊరి పొగగొట్టము

ఇప్పుడు ఆ 52 మీటర్ల లెక్కకు వత్తము. హోట్గి రోడ్డు విమానాశ్రయమునకు సమీపమున శ్రీ సిద్ధేశ్వర సహకార చక్కెర కర్మాగారపు పొగగొట్టము ఉండెడిది. విద్యుదుత్పాదనకై కట్టిన ఆ గొట్టము ఎత్తు సుమారు 90 మీటర్లు. 3 అంశల వాలున వచ్చు విమానము, నేలను తాకు చోటికి 1,700 మీటర్ల దూరమున సరిగా అంతే ఎత్తున నుండును. కావున విమానములు వచ్చు పోవు దిక్కున అంత ఎత్తైన కట్టడము ఉండరాదు. ఒకవైపు ఎన్ని సాధనములున్నను, ఇంకొకవైపు రాయి సిమెంటు అడ్డు నిలిచినచో అవి వ్యర్థములే.

ఈ విషయమై దీర్ఘకాలము వివాదము నడచినది. అది న్యాయస్థానముల వరకు పోయినది. కర్మాగారముపై ఆధారపడిన చెరకు రైతులు, కార్మికులు తమ బ్రతుకును గూర్చి భయపడిరి. ఊరికి విమానములు కావలెనన్నవారు ఊరి అభివృద్ధిని గూర్చి వాదించిరి. తుదకు 2023 జూన్ 15వ తేదీన పోలీసుల బందోబస్తు నడుమ ఆ గొట్టము కూల్చివేయబడినది. మన పిల్లలలో పెక్కుమంది ఆ దుమ్మును తమ మేడలమీదినుండి చూచిరి. ఎవరి పక్షము న్యాయమైనదో నిర్ణయించుట మా పని కాదు. దీనిలో మనము నేర్వవలసిన పాఠ మొకటి యున్నది. విమానాశ్రయపు భద్రత దాని ప్రహరీ గోడలోపలనే ముగియదు. చుట్టునున్న మన కట్టడములు, మన అలవాట్లు దానిలో భాగములే.

జాడ తెలుపు సాధనములు

ఇక మూడవ ప్రశ్న. దగ్గరలో ఎవరున్నారు?

1935 ఫిబ్రవరి 26వ తేదీన ఇంగ్లండులోని డావెంట్రీ సమీపమున రాబర్ట్ వాట్సన్-వాట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరుడును ఒక ప్రయోగము చేసిరి. రేడియో కేంద్రమునుండి వెలువడు తరంగములు పైన ఎగురు విమానమునకు తగిలి తిరిగివచ్చుటను వారు కనుగొనిరి. ఆ ప్రయోగమునుండి బ్రిటనులో రేడార్ పెరిగినది. కొండ ఎదుట నిలిచి కేకవేసినచో ప్రతిధ్వని వచ్చునట్లే, రేడార్ పంపిన తరంగము విమానమునకు తగిలి తిరిగి వచ్చును. 150 కిలోమీటర్ల దూరమునుండి ప్రతిధ్వని వచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు చాలును.

ఇది ప్రథమశ్రేణి రేడార్. దీని లోప మేమనగా, అచ్చట ఏదో యున్నదని తెలుపును గాని అది ఎవరో, ఎంత ఎత్తున ఉన్నదో సాధారణముగా చెప్పజాలదు. ఆ లోపమును తీర్చునది ద్వితీయశ్రేణి రేడార్. ఇది ప్రతిధ్వనికై వేచియుండక, విమానమును ప్రశ్నించును. విమానములోని ట్రాన్స్‌పాండర్ అను యంత్రము జవాబిచ్చును. ప్రశ్న 1030 మెగాహెర్ట్జుల మీద, జవాబు 1090 మెగాహెర్ట్జుల మీద పోవును.

ఆ జవాబు స్వరూపము జకార్డు మగ్గమెరిగినవారికి వెంటనే తెలియును. చద్దరులో నెమలియో పువ్వో రావలెనన్నచో అట్టకార్డులలో రంధ్రములు చేయుదుము. రంధ్రమున్న చోట నూలు లేచును, లేని చోట లేవదు. ట్రాన్స్‌పాండర్ జవాబులో పన్నెండు స్థానములున్నవి. ఒక్కొక్క స్థానమున ఒక చిన్న తరంగపు దెబ్బ ఉండును, లేదా ఉండదు. పన్నెండు స్థానములలో ఉన్నది, లేదు అను రెండేసి అవకాశములు కలవు. కావున మొత్తము 4096 గుర్తులు ఏర్పడును. నియంత్రణాధికారి ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క నాలుగంకెల గుర్తు ఇచ్చును. ఇందులో 8, 9 అంకెలు రావు. మూడు సంఖ్యలు ప్రపంచమంతటను ప్రత్యేకముగా ఉంచబడినవి. 7500 అన్నచో విమానము బలాత్కారముగా వశపరచుకొనబడినది. 7600 అన్నచో రేడియో చెడినది. 7700 అన్నచో ఆపద. అదే యంత్రము విమానపు ఎత్తును కూడ మరొక జవాబుగా పంపును.

ఎత్తు తెలియకపోవుట ఎంతటి అనర్థమునకు తోడ్పడునో మన దేశమే చూచినది. 1996 నవంబరు 12వ తేదీన హర్యానాలోని చర్ఖీ దాద్రి పట్టణ సమీపమున ఆకాశములో రెండు విమానములు ఢీకొన్నవి. ఢిల్లీ నుండి లేచిన సౌదీ విమానమునకు 14,000 అడుగులును, దిగుచున్న కజకిస్తాన్ విమానమునకు 15,000 అడుగులును ఎత్తులుగా నిర్ణయింపబడినవి. రెండవది తనకిచ్చిన ఎత్తును దాటి క్రిందికి దిగినది. రెండు విమానములలోని 349 మందియు మరణించిరి. ఢిల్లీలో అప్పటికి ఎత్తును చూపు రేడార్ వాడుకలోనికి రాలేదు. అధికారి ఎదుట రెండు చుక్కలు దగ్గరకు వచ్చుట కనబడెను గాని వాని నడుమ వేయి అడుగుల ఎడము లేదని కనబడలేదు.

ఆ ప్రమాదము తరువాత రాకకు ఒక త్రోవ, పోకకు వేరొక త్రోవ ఏర్పడినవి. ద్వితీయశ్రేణి రేడార్లు వచ్చినవి. విమానములు తమలో తాము ప్రశ్నించుకొని ఢీకొనుటను తప్పించు సాధనమును మన దేశమున పెద్ద విమానములకు తప్పనిసరి చేసిరి. ఆ సాధనము ఒక చోదకునితో "పైకి లెమ్ము" అనియు, రెండవవానితో "క్రిందికి దిగుము" అనియు చెప్పును. అట్టి వేళ నియంత్రణాధికారి మాటకంటె యంత్రపు మాటనే వినవలెనని నియమము.

ఈ ప్రమాదములో మరొక అంశమును తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలు గుర్తింపవలెను. కజక్ విమానములో ఇంగ్లీషు బాగుగా రాని సిబ్బంది యుండిరి. నేలతో మాట్లాడు పని వేరొక రేడియో ఉద్యోగిది. ఎత్తును గూర్చిన మాట సిబ్బంది అందరికి ఒక్క విధముగా అందలేదు. అంతర్జాతీయ విమాన సంస్థ 2008 మార్చినుండి చోదకులకు, నియంత్రణాధికారులకు నిర్ణీత స్థాయి భాషాజ్ఞానము ఉండవలెనని నియమించినది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకు భాష మారినచో మాట జారుట ఎట్టిదో అనుభవమే. కాని నాలుగు భాషలలో మాట వినుట కలవాటు పడిన చెవికి అయిదవదానిలో సూటిగా మాట్లాడుట అసాధ్యము కాదు.

రేడార్‌కు కనబడని చోటు

రేడార్ తరంగము దాదాపు సూటిగా పోవును, భూమి గుండ్రముగా నున్నది. కావున తక్కువ ఎత్తున పోవునవి దూరమున కనబడవు. సమతలమున 10,000 మీటర్ల ఎత్తునగల విమానము సుమారు 400 కిలోమీటర్ల వరకు కనబడగా, 300 మీటర్ల ఎత్తునగలది 70 కిలోమీటర్ల వరకే కనబడును. కొండలు అడ్డమైనచో అంతకంటె తక్కువ.

2009 సెప్టెంబరు 2వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి డాక్టర్ వై.యస్. రాజశేఖర రెడ్డిగారు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరిరి. వాతావరణము బాగుగా లేదు. నల్లమల ప్రాంతమున హెలికాప్టరుతో సంబంధము తెగిపోయినది. మరునాటి ఉదయము గాని దాని జాడ తెలియలేదు. అందలి అయిదుగురును మరణించిరి. ఆ పగలు, ఆ రాత్రి తెలుగువారి ఇండ్లలో ఎంతటి ఆందోళన యుండెనో మన పెద్దలకు జ్ఞాపకమే. షోలాపురములోని మన పేటలలోను రేడియోలు, టెలివిజనులు రాత్రియంతయు మ్రోగుచునే యుండెను.

కూలిన విమానపు జాడ తెలుపుటకై 406 మెగాహెర్ట్జుల మీద సంకేతము పంపు ఆపద్దీపములు ఏర్పడినవి. గట్టిగా నేలకు తగిలినచో అవి తామే మ్రోగవలెను. ఆ సంకేతములను కాస్పాస్-సార్‌శాట్ అను అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ అందుకొనును. మన దేశమున బెంగుళూరు, లక్నో నగరములలో ఇస్రో వారి గ్రహణ కేంద్రములు దీనికై ఏర్పడినవి. కాని ఏ దీపమైనను తాకిడికి పగులవచ్చును, దాని తీగ తెగవచ్చును. అందుచే కూలిన తరువాత పిలుచు యంత్రముకంటె, ఎగురుచున్నప్పుడే ఎడతెగక తన చోటు చెప్పు యంత్రము మేలు. ఎ.డి.ఎస్.-బి. అను పద్ధతి అట్టిది. విమానము ఉపగ్రహముల సహాయమున తన స్థానమును తెలిసికొని, దానిని సెకనుకు సుమారు రెండుమార్లు చాటుచుండును. 2014 మార్చి 8వ తేదీన మలేషియా విమానము ఎం.హెచ్. 370 సముద్రముమీద అదృశ్యమైన పిమ్మట, పెద్ద విమానముల స్థానము సముద్రములపైన సయితము కనీసము 15 నిముషములకొకమారు తెలియవలెనను అంతర్జాతీయ నియమము ఏర్పడినది. అది 2018 నవంబరునుండి అమలులోనికి వచ్చినది.

గగన్

ఐ.ఎల్.ఎస్. వంటి సాధనములకు విశాలమైన స్థలము, పెద్ద వ్యయము, నిత్యము కనిపెట్టి యుండు సిబ్బంది కావలెను. చిన్న ఊళ్ళ మాట యేమి? దీనికి మన దేశము గగన్ అను వ్యవస్థను నిర్మించినది. ఇస్రోయు, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కలిసి దీనిని సిద్ధపరచినవి.

జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు కాలసంకేతములను పంపును. ఆ సంకేతములు భూమికి వచ్చు త్రోవలో అయనమండలము అను విద్యుత్పూరితమైన పొర గుండ రావలెను. ఆ పొర వానిని కొంచెము ఆలస్యము చేయును. మన దేశము భూమధ్యరేఖకు సమీపమగుటచే ఈ కల్లోలము మనపైన ఎక్కువ. కొన్ని మీటర్ల తప్పు కారు నడుపువానికి లెక్కలోనిది కాదు. నేల దిగు విమానమునకు, ముఖ్యముగా ఎత్తు విషయమున, అది ప్రాణాంతకము.

అందుచే దేశమున 15 చోట్ల, తమ స్థానము ముందే ఖచ్చితముగా తెలిసిన గ్రహణ కేంద్రములు పెట్టిరి. అవి జి.పి.ఎస్. చెప్పిన స్థానమును తమ నిజస్థానముతో పోల్చి తప్పు ఎంతయో చూచును. బెంగుళూరులోని ప్రధాన కేంద్రము ఆ తప్పులన్నిటిని లెక్కించి సవరణను జీశాట్ ఉపగ్రహములకు పంపును. ఉపగ్రహము దానిని విమానములకు చాటును. సంకేతము నమ్మదగినది కానిచో ఆ మాటను కొద్ది సెకనులలోనే తెలుపును. మగ్గపు లోహపు పలక వంటి కాపలా ఇచ్చటను కలదు. గగన్‌కు 2013 డిసెంబరులో త్రోవ ప్రయాణమునకును, 2015 ఏప్రిల్‌లో దిగుటలో నిలువు మార్గదర్శనమునకును ఆమోదము లభించినది. 2022 ఏప్రిల్‌లో రాజస్థానములోని కిషన్‌గఢ్ విమానాశ్రయమున ఎ.టి.ఆర్. జాతి ప్రయాణికుల విమానమొకటి గగన్ సహాయముతో దిగినది. కిషన్‌గఢ్ మహానగరము కాదు, చలువరాళ్ళకు పేరుపడిన ఊరు. చద్దరులకు పేరుపడిన ఊరివారికి ఆ వార్త ఆశ కలిగింపదగినది.

అయినను ఉపగ్రహముల మీదనే భారమంతయు వేయరాదు. అవి పంపు సంకేతము నేలకు చేరుసరికి మిక్కిలి బలహీనమగును. దుర్బుద్ధి గలవారు దానిని అణచవచ్చును, దొంగ సంకేతము పంపి చోదకుని మోసగింపవచ్చును. మన దేశపు పశ్చిమోత్తర సరిహద్దున అట్టి ఆటంకములు కలిగినట్లు ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. అందుచేతనే ఉపగ్రహములు వచ్చినను పాత రేడియో స్తంభములను పూర్తిగా తీసివేయలేదు. ఒక దారము తెగినను గుడ్డ చిరుగకుండ నిలుచునది తక్కిన దారముల బలముచేతనే గదా!

మనము చేయవలసినది

ఇంతవరకు చెప్పిన సాధనము లేవియు కనిపెట్టలేనివి కొన్ని కలవు. అవి మన చేతులలో నున్నవి.

సంక్రాంతికి మన మేడలమీద గాలిపటములు లేచును. నైలాను మాంజా పక్షుల రెక్కలను కోయును, మనుష్యుల మెడలను కోయును. అది విమానపు యంత్రమునకు చుట్టుకొన్నచో ఏమగునో ఊహింపవచ్చును. దారమును ఏ రేడార్ చూడలేదు. విమానములు దిగు దిక్కున గాలిపటము ఎగురవేయరాదు. ఇది పండుగను మానుమనుట కాదు, స్థలమును మార్చుమనుట.

చెత్తయు మాంసపు వ్యర్థములును పడిన చోట గ్రద్దలు, కాకులు మూగును. విమానమునకు పక్షి తగిలినచో యంత్రము చెడవచ్చును. విమానాశ్రయమునకు పది కిలోమీటర్లలోపల పక్షులను ఆకర్షించు చెత్తను పారవేయరాదని 1937 నాటి విమాన నియమావళియే చెప్పినది. హోట్గి రోడ్డు ప్రక్క పేటలన్నియు ఆ వలయములోనివే.

పెండ్లి ఊరేగింపులలో లేజరు దీపములను ఆకాశమునకు త్రిప్పుట నేటి వేడుక. 52 మీటర్ల ఎత్తున ఒక కిలోమీటరు దూరమున వచ్చుచున్న చోదకుని కంట ఆ వెలుగు పడినచో, క్షణకాలము ఆయనకు రన్‌వేయు కనబడదు, నాలుగు దీపములును కనబడవు. డ్రోన్లను అనుమతి లేక ఎగురవేయుటయు అట్టిదే.

ఆ తల్లి ప్రశ్నకు మా ఉత్తరమిది. అమ్మా! ఎన్నడును పడదని మాట ఇచ్చుట ఎవరి తరము కాదు. కాని అది పడకుండుటకై ఆకాశమున గీతలు గీయబడినవి. గీతలకు కాపలా యున్నది. కాపలాకును కాపలా యున్నది. కన్నులార్పక తెరను చూచు మనుష్యులున్నారు. మిగిలిన కాపలా మనదే. మీ మేడమీది గాలిపటము, మీ వీధి చివరి చెత్తకుండీ అందులో చేరినవి.

బాలునకు ఒక మాట. భౌతికశాస్త్రము, గణితము చదివి పట్టభద్రులైనవారు పోటీ పరీక్షలు వ్రాసి విమాన నియంత్రణాధికారులు కావచ్చును. పడుగు తెగినదో లేదో చప్పుడు విని చెప్పగల తండ్రుల బిడ్డలు మన పిల్లలు. ఎడతెగని శ్రద్ధ వారికి క్రొత్తగా నేర్పవలసినది కాదు. ఒకనాడు మంచులోనుండి వచ్చు విమానమునకు "రన్‌వే సిద్ధముగా నున్నది, దిగుము" అని చెప్పు గొంతు మన పేటలలో పెరిగిన బిడ్డది యగుగాక అని కోరుచున్నాము.